మెడవెనుక నలుపు

మెడవెనుకను చంకలలోను చర్మము నల్లబడి, మందమై, తాఁకినచో మఖమలువలె మెత్తగా నుండుటను మన యిండ్లలో మురికి యని తలంచి సున్నిపిండితో రుద్దుదురు. కాని నెలసరి తప్పుచు, గడ్డముమీఁద రోమములు మొలచుచున్న యువతియందు అది కానవచ్చినచో, రక్తమున ఇన్సులిన్ మితిమీరినదనుటకు సూచన కావచ్చును. ఇట్టి లక్షణములు గలిగి, నేఁడు పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనఁబడు వ్యాధిని షికాగో వైద్యులు స్టీన్, లెవెంతాల్ 1935లో వర్ణించిరి. ఇన్సులిన్‌తో దీనికిఁగల సంబంధము 1980లో గాని స్పష్టపడలేదు. శరీరకణములు ఇన్సులిన్‌కు సరిగా స్పందింపనప్పుడు క్లోమము దానిని మఱింత స్రవించును. ఆ యాధిక్యము అండాశయములను ప్రేరేపించి పురుష హార్మోనులను పెంచును. క్లోమ మిట్లు శ్రమించునంతకాలము పరగడుపు చక్కెర సక్రమముగనే యుండును గనుక, ఆ యొక్క పరీక్షతోనే "నీకేమియు లేదమ్మా" యని పంపివేయుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి 2 గంటల పిదప పరీక్షించినచో, నూఱు మిల్లీలీటర్లకు 140 మిల్లీగ్రాములకు మించిన చక్కెర బయటపడవచ్చును. సన్నని దేహముగల స్త్రీలకును ఇన్సులిన్‌కు స్పందింపని యీ లోపము కలుగును. కావున బరువు తక్కువ యను కారణమున ఈ పరీక్షను నిరాకరింపరాదు. వైద్యునియొద్దకుఁ బోవునపుడు నెలసరి తేదీలను, తల్లిదండ్రుల మధుమేహ వృత్తాంతమును కాగితముపై వ్రాసికొనిపొండు, మెడవెనుక నలుపును తప్పక చూపుఁడు.