బేస్‌బాల్‌లో అనుకోని విజేతలు: జోస్యమెంతవరకు సాధ్యము?

ప్రతి సంవత్సరము మార్చి నెలాఖరు ప్రాంతమున అమెరికాలో వృత్తి బేస్‌బాల్ సీజను ఆరంభమగును. అంతకు ముందు కొన్ని వారములు జట్లన్నియు ఫ్లారిడా, అరిజోనా రాష్ట్రములలోని వెచ్చని ప్రదేశములకు చేరి సాధన చేయుచుండును. ఆ రోజులలో పత్రికలయందును, రేడియోలయందును, నలుగురు కూడిన చోటులయందును ఒక ప్రశ్న వినబడుచుండును: ఈ యేడు ఎవ్వరును ఊహింపని రీతిని పైకి రాగల జట్టు ఏది?

ఆ ప్రశ్నలోనే ఒక చిక్కు ఉన్నది. ముందే ఊహింపగలిగినచో అది అనుకోని విజయమెట్లగును? ఊహింపలేమన్నచో జోస్యమెందులకు? ఆలోచించి చూచినచో ఈ చిక్కు విడిపోవును. లోకము చూచునది పట్టికలో జట్టుకున్న స్థానమును. జట్టు అసలు శక్తి దాగియుండునది లెక్కల పుస్తకములో. ఈ రెంటికి నడుమ ఎడమున్నచోట ఆశ్చర్యము పుట్టును. ఆ ఎడములో కొంత భాగమును కొలువవచ్చును. కొంత భాగము ఎవ్వరి కొలతకును అందదు. ఈ రెండు మాటలను కలిపి చెప్పిన జోస్యమే నమ్మదగినదని నా మనవి.

క్రికెట్టుకు అలవాటుపడిన శ్రోతల కొరకు ఆట స్వరూపమును కొంచెము చెప్పుదును. ప్రధాన లీగులు రెండు: అమెరికన్ లీగు, నేషనల్ లీగు. 1998 నుండి ఈ రెంటిలో కలిపి 30 జట్లున్నవి. ఒక్కొక్క జట్టు సుమారు ఆరు మాసములలో 162 ఆటలు ఆడును. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు; ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. పిచర్ విసరిన బంతిని కొట్టి, నాలుగు బేసులను చుట్టి వచ్చినవాడు ఒక పరుగు సంపాదించినట్లు లెక్క. ఇక్కడ క్రికెట్టులో వలె పరుగులు వందలకొలది పోగుపడవు. ఒక జట్టు ఒక ఆటలో నాలుగైదు పరుగులు చేయుట సామాన్యము. 2022 నుండి 12 జట్లు తుది ఘట్టమునకు పోవుచున్నవి. చివరకు రెండు లీగుల విజేతలు వరల్డ్ సిరీస్‌లో తలపడును.

1983లో భారత క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలుచుట మనకెల్లరకు తెలిసిన ఆశ్చర్యము. అంతకు ముందు జరిగిన రెండు ప్రపంచ కప్పులలో కలిపి మన జట్టు గెలిచిన ఆట ఒక్కటే. అయితే 1983లో మనవారు ఆడినవి ఎనిమిది ఆటలు. ఎనిమిది ఆటలలో ఒక మంచి వారము, ఒక మంచి క్యాచి చరిత్రను మార్చగలవు. 162 ఆటల సుదీర్ఘ పరీక్షలో జట్టు నిజస్వరూపము చాలవరకు బయటపడక తప్పదు. అట్టి పరీక్షలో సైతము అనుకోని జట్లు పైకి వచ్చుచున్నవనగా దానికి కారణము వెదకవలసియున్నది.

ఈ విషయమున అమెరికనులు మొదట తలచుకొనునది న్యూయార్కు మెట్స్ జట్టును. 1962లో పుట్టిన ఆ జట్టు ఆ యేడే 120 ఆటలు ఓడి నవ్వులపాలైనది. 1968లో 73 గెలిచి, 89 ఓడినది. 1969లోనో, 100 ఆటలు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్‌ను ఓడించినది. జనులు దానిని అద్భుతమనిరి. కాని 1968 లెక్క తీసి చూచినచో, ఆ జట్టు ప్రత్యర్థులకిచ్చిన పరుగులు తాను చేసినవాటికంటె 26 మాత్రమే ఎక్కువ. టామ్ సీవర్, జెర్రీ కూస్మన్ అను ఇద్దరు యువ పిచర్లు అప్పటికే జట్టులో ఉన్నారు. విత్తనము నేలలో ఉన్నది. మొలక మాత్రము పైకి కనబడలేదు.

ఈ పరుగుల లెక్కకు బిల్ జేమ్స్ అను గణకుడు ఒక సూత్రము కట్టినాడు. జట్టు చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము, ఇచ్చిన పరుగుల వర్గము కలిపిన మొత్తముచే భాగింపవలెను. వచ్చిన భిన్నమే ఆ జట్టు గెలువదగిన ఆటల నిష్పత్తి. గెలిచిన ఆటల సంఖ్య దీనికంటె చాల తక్కువయైనచో ఆ జట్టుకు అదృష్టము కలిసిరాలేదని అర్థము. చాల ఎక్కువయైనచో అదృష్టము మోసుకొని వచ్చినదని అర్థము. ఒక్క పరుగు తేడాతో ముగిసిన ఆటలలో ఈ అదృష్టము ముఖ్యముగ దాగియుండును.

టెక్సస్ రేంజర్స్ జట్టు 2022లో 707 పరుగులు చేసి, 743 ఇచ్చినది. సూత్రము ప్రకారము 77 ఆటలు గెలువవలెను. గెలిచినవి 68. ఒక్క పరుగు తేడా ఆటలలో 15 గెలిచి, 35 ఓడుటయే ఇందుకు ముఖ్యకారణము. అట్టి దురదృష్టము ఏటేట వెంటనంటి రాదు. 2023లో బ్రూస్ బోచీ మేనేజరుగ వచ్చినాడు. కొత్త పిచర్లు చేరిరి. జట్టు 90 ఆటలు గెలిచి, వరల్డ్ సిరీస్‌ను కూడ గెలిచినది. 68 అను సంఖ్యను మాత్రమే చూచినవారికి ఇది పిడుగుపాటు. లెక్క చూచినవారికి సగము దారి ముందే కనబడినది.

లెక్కను తప్పుగ చదువుటవలన కలుగు నష్టము సామాన్యము కాదు. సియాటిల్ మారినర్స్ జట్టు 2007లో 88 ఆటలు గెలిచినది. కాని అది చేసిన పరుగులు 794, ఇచ్చినవి 813. సూత్రము చెప్పిన విజయములు 79 మాత్రమే. నిర్వాహకులు 88ని నమ్మిరి. ఇంకొక్క మంచి పిచర్ ఉన్నచో శిఖరమందుకొందుమని తలచి, 2008 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌నుండి ఎరిక్ బెడార్డ్‌ను తెచ్చుకొని, అతనికి మారుగ ఐదుగురు ఆటగాండ్రను ఇచ్చివేసిరి. ఆ యేడు మారినర్స్ 101 ఆటలు ఓడినది. పది కోట్ల డాలర్లకు పైబడి జీతములిచ్చి నూరు ఆటలు ఓడిన తొలి జట్టు అదియే. ఇచ్చివేసిన ఐదుగురిలో ఆడమ్ జోన్స్, క్రిస్ టిల్మన్ అనువారున్నారు. వరుసగ 14 సంవత్సరములు విజయములకంటె పరాజయములే ఎక్కువగ చూచిన బాల్టిమోర్ 2012లో 93 ఆటలు గెలిచి లోకమును ఆశ్చర్యపరచినపుడు, ఆ ఇద్దరును ఆ జట్టులో ఉన్నారు. ఒకరు పోగొట్టుకొన్న భవిష్యత్తు మరియొకరి ఇంట వెలసినది.

అయితే ఆ బాల్టిమోర్ విజయమును సైతము లెక్కముందు నిలుపవలసినదే. 2012లో ఆ జట్టు చేసిన పరుగులు 712, ఇచ్చినవి 705. ఒక్క పరుగు తేడా ఆటలలో 29 గెలిచి, 9 మాత్రమే ఓడినది. మరుసటి యేడు అట్టి ఆటలలో 20 గెలిచి, 31 ఓడినది; మొత్తము విజయములు 85కు దిగినవి. అదృష్టము తెచ్చిన ధనము అప్పువంటిది. వడ్డీతో తిరిగి అడుగును.

ఇట్లనుటచేత పరుగుల లెక్క ఒక్కటియే చాలునని భావింపరాదు. టాంపా బే జట్టు 2007లో 96 ఆటలు ఓడినది. 782 పరుగులు చేసి 944 ఇచ్చిన జట్టునకు ఆ ఫలితము న్యాయమైనదే. అందు దురదృష్టమేమియు లేదు. మరి 2008లో 97 ఆటలు గెలిచి అమెరికన్ లీగు విజేత ఎట్లైనది? బ్యాటింగు మెరుగుపడలేదు, చేసిన పరుగులు 774, అనగా ముందటి యేటికంటె తక్కువ. ఇచ్చిన పరుగులు మాత్రము 671కి తగ్గినవి. మూడవ బేసు వద్దనున్న ఇవామురాను రెండవ బేసుకు మార్చిరి. ఎవాన్ లాంగోరియా అను కొత్త యువకుడు మూడవ బేసు వద్దకు వచ్చినాడు. ఇంకొక జట్టునుండి షార్ట్‌స్టాప్ బార్ట్‌లెట్‌ను, పిచర్ గార్జాను తెచ్చిరి. బంతిని బాగుగ ఆపువారు వెనుకనున్నచో పిచర్ విలువ కూడ పెరుగును. బ్యాటింగును చూచి చప్పట్లు కొట్టుటకు అలవాటుపడిన కన్నులు ఫీల్డింగులోని మార్పును గమనింపలేదు. ఆటగాండ్రను ఒక్కొక్కరిని గణించి చూచిన కొందరు గణకులు మాత్రము, ఈ జట్టు ఈసారి సగముకంటె ఎక్కువ ఆటలు గెలుచునని సీజనుకు ముందే చెప్పిరి.

మూడవ చిహ్నము యువకుల రాక. అమెరికాలో కొత్త ఆటగాండ్రను ఎన్నుకొనుటలో ఓడిన జట్లకు ముందు వంతు లభించుట పరిపాటి. ఆ పంట చేతికి వచ్చుటకు కొన్ని సంవత్సరములు పట్టును. 2021లో బాల్టిమోర్, అరిజోనా జట్లు రెండును 110 ఆటల చొప్పున ఓడినవి. అయినను 2019లోనే బాల్టిమోర్ ఆడ్లీ రచ్‌మన్‌ను, గన్నర్ హెండర్సన్‌ను, అరిజోనా కార్బిన్ కారల్‌ను ఎన్నుకొనియున్నవి. 2023లో బాల్టిమోర్ 101 ఆటలు గెలిచినది. అరిజోనా నేషనల్ లీగు విజేతయైనది. హెండర్సన్, కారల్ తమ తమ లీగులలో ఉత్తమ నవయువ క్రీడాకారులైరి.

ఇక కొలతకు అందని భాగమును గూర్చి చెప్పవలెను. ఒక నాణెమును 162 మార్లు ఎగురవేసితిమనుకొనుడు. బొమ్మ 81 మార్లు పడవలెనని న్యాయము. కాని మూడింట రెండు వంతుల సందర్భములలో అది 75కు, 87కు నడుమ పడును; తక్కిన సందర్భములలో ఆ హద్దులు కూడ దాటును. అనగా సరిసమాన శక్తి గల జట్టు ఏ మార్పును లేకయే ఒక యేడు 75, ఇంకొక యేడు 87 గెలువవచ్చును. 75 గెలిచిన జట్టును పత్రికలు దూషించును. 87 గెలిచిన జట్టును కొనియాడును. జట్టు మాత్రము ఒక్కటియే. కావున ఆశ్చర్యజనకమైన జట్టును నిశ్చయముగ చెప్పెదనను వాని మాట ఎంత గట్టిగ వినబడినను అంత తక్కువ నమ్మదగినది.

ఇంత చెప్పి ఒక పేరైన చెప్పకుండుట న్యాయము కాదు. 2025 సీజను లెక్కలను మాత్రమే ఆధారము చేసికొని, దాని తరువాతి సీజనుకు నేను ఎన్నుకొనునది మరల టెక్సస్ రేంజర్స్‌నే. 2025లో ఆ జట్టు 81 గెలిచి, 81 ఓడినది. కాని చేసిన పరుగులు ఇచ్చినవాటికంటె సుమారు 80 ఎక్కువ. అది 90 విజయములకు తగిన లెక్క. వారి మైదానమున్న ఆర్లింగ్టన్ నగరము డల్లాస్‌కు సమీపమున ఉన్నది. ఆ ప్రాంతమున స్థిరపడిన మన తెలుగువారికి ఈ లెక్కను సరిచూచుకొను అవకాశము దగ్గరలోనే ఉన్నది. అయితే అనుమానమును కూడ దాచరాదు. 2025లో ఆ జట్టు భారము మోసిన పిచర్లలో డిగ్రామ్ 1988లో, ఎవాల్డీ 1990లో పుట్టినవారు. ఆ వయస్సున పిచర్ భుజము ఏ దినమున మొరాయించునో చెప్పజాలము. కావున ముమ్మాటికి గెలుచుననను. పట్టిక చూపుదానికంటె మేలైన జట్టు అందును.

ఓడిన జట్టు అభిమానికి వసంతమున ఆశ కావలెను. ఆ ఆశను కేవలము కోరికపై నిలుపుకొనవచ్చును, లేదా లెక్కపై నిలుపుకొనవచ్చును. కోరికపై నిలిచినది తొలి పది పరాజయములతో కూలిపోవును. లెక్కపై నిలిచినది ఓపికగా శరత్కాలము వరకు వేచియుండగలదు. పోయిన యేడు తన జట్టు ఎన్ని గెలిచినదని కాక, ఎన్ని పరుగులు చేసి ఎన్ని ఇచ్చినదని, బంతిని ఎవరు ఆపుచున్నారని, పిన్నలు ఎందరు ఎదిగివచ్చుచున్నారని అడుగువాడు అనుకోని విజయమునకు అందరికంటె తక్కువగ ఆశ్చర్యపడును. ఆనందము మాత్రము అతనికేమియు తగ్గదు.