తీపికి తావి అద్దిన చేయి



వృక్షశాస్త్రం బోధించిన గురువుగారి స్మృతిలో కూడిన సభ ఇది. అందుకే ఒక తీగ చరిత్ర ఎంచుకున్నాను. మన బొబ్బట్టుకు యాలకులెలాగో, ఐరోపా మిఠాయికి వెనిలా అలాగ.

అది ఒక ఆర్కిడ్ తీగ కాయ. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. మెక్సికో తూర్పుతీరపు తొతొనాకులు దాన్ని సాకారు. వారిని లోబరచుకున్న ఆజ్టెకులు కాకావ్ (చాక్లెట్ గింజల) పానీయంలో కలుపుకున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు రెంటినీ ఓడలెక్కించారు.

తీగను కూడా తెచ్చారు. ఐరోపా గాజు ఇళ్లలో అది పెరిగింది, పూసింది, కాయలేదు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివారి బూర్బోఁ దీవిలోనూ (నేటి రీయూనియన్) అదే తీరు. పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య ఒక పల్చని పొర అడ్డు. ఆ అడ్డు దాటించే తేనెటీగలు పుట్టింటనే ఉండిపోయాయి. పైగా పువ్వు ఒక్క పూటే విచ్చి వాడిపోతుంది. 1836లో బెల్జియంలోని లియేజ్‌లో షార్ల్ మోరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో పరాగసంపర్కం జరిపి కాయలు కాయించాడు. ఆ పద్ధతి తోటల్లోకి మాత్రం దిగలేదు.

దించినవాడు 12 ఏళ్ల పిల్లవాడు. బూర్బోఁ దీవిలో సేంత్ సుజాన్ దగ్గరి తోటలో బానిస. పేరు ఎడ్మండ్, ఇంటిపేరు లేదు. తల్లి పురిట్లోనే పోయింది. యజమాని ఫెరియోల్ బెల్యే బోమోఁ వెంట తిరుగుతూ మొక్కల సంగతులు నేర్చాడు. పుచ్చజాతి తీగకు చేత్తో పరాగసంపర్కం చేయడం చూశాడు. 1841లో వెనిలా తీగకు కాయలు కనిపించి యజమాని ఆశ్చర్యపోతే, తానే చేశానన్నాడు. సన్నపుల్లతో పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి ఒత్తాడు. అంతే! తోట తోటకూ అతన్ని పంపి ఆ పని నేర్పించారు. తర్వాత ఆ పద్ధతి మడగాస్కర్‌కు పాకింది. నేడు ప్రపంచంలో అత్యధికంగా వెనిలా పండించే ఆ దేశంలో ఇప్పటికీ పువ్వు పువ్వునూ మనిషి చెయ్యి తాకాల్సిందే.

కాయ ముదరడానికి సుమారు 9 నెలలు. పచ్చికాయకు ఆ వాసన ఉండదు. వేణ్నీళ్లలో ముంచి, కంబళ్లలో చుట్టి చెమర్చనిచ్చి, వారాల తరబడి ఆరబెడితేనే నల్లబడి తావి పుడుతుంది. అంత శ్రమ గనుకే అంత ఖరీదు. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే రసాయనవేత్తలు ఆ పరిమళానికి మూలమైన వెనిలిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. మన దుకాణాల్లో చవగ్గా దొరికే ఎసెన్సుల్లో సాధారణంగా ఉండేది అలాంటి కృత్రిమ వెనిలినే.

ఇక బూర్బోఁ దీవిలో 1848లో బానిసత్వం రద్దయింది. ఎడ్మండ్‌కు ఆల్బియస్ అనే ఇంటిపేరు దక్కింది, ప్రతిఫలం దక్కలేదు. అతని వల్ల తోటల యజమానులు ధనవంతులయ్యారు. అది అన్యాయమని ఈ సభలో స్పష్టంగా చెప్పదలచాను. రీషార్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పద్ధతి తనదేనన్నాడు. అప్పుడు ఫెరియోల్ లేఖ రాసి, కనిపెట్టింది ఎడ్మండేనని సాక్ష్యమిచ్చాడు. ఎడ్మండ్ 1880లో సేంత్ సుజాన్‌లోనే కడుపేదగా కన్నుమూశాడు.

మన పిల్లలు చదివే పరాగసంపర్కం పాఠంలో ఎడ్మండ్ ఆల్బియస్ పేరు చేర్చాలని పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలను కోరుతున్నాను.