ర్యాంకు ఎంతవరకు చెబుతుంది?

(మదనపల్లెలో జరిగిన విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక దంతవైద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలుకాక ముందు పుంగనూరు నుంచి వచ్చిన ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగారు: "సార్, మా అమ్మాయికి బీసీ–ఇ కింద బీడీఎస్ సీటు వచ్చింది. ర్యాంకు చాలా వెనుక. చేరితే నెగ్గుకురాగలదా?" ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు. ఎవరో ఆయన చెవిలో వేసినది. నేను సిద్ధం చేసుకొచ్చిన ఉపన్యాసం పక్కనపెట్టి దానికే జవాబు చెబుతాను.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రం, మిగిలిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలు. పిల్లలు ఎంత చదివారో, ఒత్తిడిలో ఎంత వేగంగా గుర్తు తెచ్చుకోగలరో ఆ పరీక్ష కొలుస్తుంది. చేయి వణకకుండా పనిచేస్తుందా, నొప్పితో వచ్చిన ముసలమ్మకు ధైర్యం చెప్పగలరా అన్నది అది అడగదు.

బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఇక్కడ ప్రవేశ మార్కులకు కొంత విలువ ఉన్నది, దాచను. జీవశాస్త్రంలో పునాది లేనివారు మొదటి సంవత్సరంలో తడబడతారు. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలూ దాదాపు ఇదే చెబుతున్నాయి: ప్రవేశ మార్కులకూ తొలి సంవత్సరాల సిద్ధాంత పరీక్షలకూ కొంత సంబంధం ఉంటుంది, రోగి కుర్చీ దగ్గరకు వచ్చేసరికి అది పలచబడుతుంది. అమెరికాలో దంతవైద్య ప్రవేశ పరీక్షలో ఒకప్పుడు సుద్దముక్కను చెక్కించేవారు. 1970ల ఆరంభంలో దాన్ని తీసివేసి, ఆకారాలను ఊహించే కాగితపు పరీక్ష పెట్టారు. చేతిపనిని ముందుగా పసిగట్టడం వారికీ అంత సులువు కాలేదు.

మన టమోటా మార్కెట్ చూడండి. కాయలను సైజును బట్టి ఏరి బాక్సుల్లో నింపుతారు. ఒకే రకం కాయలున్న బాక్సులో ఏ కాయ చెన్నై దాకా చెడకుండా ఉంటుందో సైజు చూసి చెప్పగలరా? వడపోత అయిపోయిన తర్వాత వడపోతకు వాడిన కొలత పెద్దగా పనికిరాదు. ఒకే తరగతి గదిలో కూర్చున్నవారి ర్యాంకుల మధ్య తేడాలూ అంతే.

నా విద్యార్థిని ఒకరు కుప్పం వైపు నుంచి వచ్చారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తమిళం, బడిలో తెలుగు. కాలేజీలో మాత్రం అంతా ఇంగ్లీషు. మొదటి ఏడు అనాటమీ తప్పారు. జవాబు తెలియక కాదు, వాక్యం కుదరక. ఒక సీనియర్ ఆరు నెలలు కూర్చోబెట్టి రాయించారు, సప్లిమెంటరీలో గట్టెక్కారు. మైనపు దిమ్మె మీద దంతం చెక్కడంలో మాత్రం ఆ బ్యాచిలో ఆమెకు సాటి లేరు. క్లినిక్‌కు వచ్చాక ఆ మూడు భాషలే ఆమెకు ఆస్తి అయ్యాయి.

"కోటా సీటు" అని చిన్నచూపు చూసేవారికి కొన్ని సంగతులు. ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో అది కొనసాగుతున్నది. ఈ సీటులో చేరినవారికి పాస్ మార్కు వేరుగా లేదు, అందరికీ 50 శాతమే. ఇక 2021 ఫిబ్రవరిలో, వేలాది బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలినప్పుడు, ఆ ఏటి ప్రవేశాలకు కనీస పర్సంటైల్‌ను 10 తగ్గించమని సుప్రీంకోర్టే ఆదేశించింది. అప్పుడు ప్రతిభ పడిపోయిందన్న గోల నా చెవిన పడలేదు. లక్షలు కట్టి మేనేజ్‌మెంట్ సీటులో చేరినవారి ర్యాంకును కూడా ఎవరూ అడగరు.

కార్యకర్తలకు ఒక పని. మన రాష్ట్రంలో వైద్య, దంతవైద్య సీట్ల కౌన్సెలింగ్ జరిపేదీ, బీడీఎస్ పరీక్షలు నిర్వహించేదీ ఒకే సంస్థ, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం. ర్యాంకులూ అక్కడే, ఫలితాలూ అక్కడే. పేర్లు తీసివేసి, వర్గాలవారీగా, ఏడాదివారీగా ఆ లెక్కలు ప్రకటించమని అడుగుదాం. సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది. లెక్క మనకు అనుకూలంగా రాకపోయినా సరే, ఏ సంవత్సరంలో ఏ సబ్జెక్టులో పిల్లలు జారుతున్నారో తెలుస్తుంది. అక్కడ ట్యూషన్ పెట్టవచ్చు.

పుంగనూరు నుంచి వచ్చిన ఆ తండ్రిగారికి నా జవాబు: చేర్పించండి. తరగతులు మొదలయ్యే లోపే అనాటమీ పుస్తకం కొనివ్వండి. రోజూ ఒక పేజీ ఇంగ్లీషులో చూడకుండా రాయమనండి. తప్పులు దిద్దడానికి మనిషి దొరకకపోతే నా నంబరు నిర్వాహకుల దగ్గర ఉన్నది.