దుబాసీ చదువు: పరభాషాధ్యయనంలో సంస్కృతి

పరభాషా బోధనలో సంస్కృతి పాత్రను గురించిన చర్చ తరచుగా పాఠ్యపుస్తకపు చివరి పుటల దగ్గరే ఆగిపోతుంది; ఆ దేశపు పండుగలు, వంటలు, కట్టడాలు బొమ్మలతో సహా పరిచయం చేస్తే సంస్కృతిని బోధించినట్టేనన్న అభిప్రాయం విద్యాలయాల్లో స్థిరపడింది. ఈ అభిప్రాయం ఎంత పైపైదో పుదుచ్చేరి చరిత్ర చెబుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి కంపెనీకీ స్థానిక వర్తకులకూ పాలకులకూ నడుమ వ్యవహారం నడిపినవారు దుబాసీలు. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది గాని, ఆ ఉద్యోగం మాటలను అటూ ఇటూ మార్చడంతో తీరేది కాదు. వచ్చిన దూతకు ఎంత దూరం ఎదురేగాలి, తాంబూలం ఎప్పుడు అందించాలి, కానుక స్వీకరిస్తే ఏ బాధ్యత మీద పడుతుంది అన్నవీ ఆ చదువులో భాగాలే. 1709లో పుట్టి, 1747లో గవర్నరు డూప్లే దగ్గర ప్రధాన దుబాసీ అయిన ఆనందరంగ పిళ్లై, 1736 నుంచి 1761లో మరణించేనాటి వరకు తమిళంలో సాగిన తన దినచర్యలో, ఎవరి రాకకు ఎన్ని ఫిరంగులు పేల్చారో పదే పదే లెక్కగట్టి రాశాడు. అల్పంగా తోచే ఆ లెక్కల్లోనే కోట ఎవరికి ఎంత హోదా ఇచ్చిందో తెలుస్తుంది. వాటిని చదవలేనివాడికి వ్యాకరణం ఎంత వచ్చినా డూప్లే కొలువు సగమే అర్థమయ్యేది.

ఆయన బంధువర్గంలోనే మరో దారి తొక్కినవాడూ ఉన్నాడు. మునుపటి దుబాసీ నైనియప్ప పిళ్లై 1716లో ఖైదై, మరుసటి ఏడు చెరలోనే చనిపోగా, ఆయన కుమారుడు గురువప్ప న్యాయం కోరి ఫ్రాన్సుకు వెళ్లి, అక్కడ క్రైస్తవం స్వీకరించి, రాజబిరుదుతో తిరిగివచ్చాడు. ఆనందరంగ పిళ్లై మాత్రం మతం మార్చుకోకుండానే, తెలుగు కవులను ఆదరిస్తూనే, ఆ కొలువులో నెగ్గుకొచ్చాడు. కస్తూరి రంగకవి రచించిన తెలుగు లక్షణగ్రంథం ఆనందరంగరాట్ఛందము ఆయన పేరుతోనే నిలిచింది. ఎదుటివారి సంస్కృతిని నేర్వడమంటే అందులో కలిసిపోవడమేనన్న అపోహకు ఇంతకన్న సమాధానం అక్కరలేదు. అయితే ఆ ఎరుకకు హద్దులూ ఉన్నాయి: 1748లో ఆంగ్లేయుల ముట్టడి వేళ ఫ్రెంచివారు పుదుచ్చేరిలోని వేదపురీశ్వరాలయాన్ని కూల్చుతుంటే, ఆ సంగతి వివరంగా రాసుకున్న దుబాసీ దాన్ని ఆపలేకపోయాడు.

నేడు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకునే విద్యార్థుల్లో పలువురిని ఆకర్షించేది మార్కులే. క్రియారూపాలు కంఠతా పట్టిన అటువంటి విద్యార్థి పారిస్‌లో రొట్టెల దుకాణానికి వెళ్లి, ఊళ్లో కిరాణా కొట్టులో అడిగినట్టే, రెండు రొట్టెలు కావాలని నేరుగా అడిగితే, వాక్యంలో దోషం ఉండదు గాని ముందుగా ‘బోఁజూర్’ అని పలకరించకపోవడం అక్కడ అమర్యాద అవుతుంది. అమ్మే మనిషి ముఖం ముడుచుకుంటే, తన ఉచ్చారణే బాగాలేదేమోనని విద్యార్థి అనుకుంటాడు. తెలుగు కొట్టులో మర్యాద ‘అండి’తో గడిచిపోతుంది, విడిగా పలకరింపు అక్కరలేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్నదాన్ని బట్టి మాటకు కలిగే అర్థాన్ని పరిశీలించే శాస్త్రాన్ని భాషావేత్తలు ప్రాగ్మాటిక్స్ అంటారు. వ్యాకరణదోషం చేసినవాణ్ని విదేశీయుడని క్షమిస్తారు, పలకరింపులో దోషం చేసినవాణ్ని మోటువాడనుకుంటారు.

పుదుచ్చేరి పసుపు గోడలు, పోలీసుల ఎర్ర టోపీలు చూసి ఫ్రెంచి సంస్కృతి తెలిసిందనుకోవడం యాత్రికులకు చెల్లుతుంది. విద్యార్థికి పనికివచ్చేవి 1826 నాటి ఫ్రెంచి లీసే, 1889 నాటి అలియాన్స్ ఫ్రాన్సేజ్ వంటి సంస్థల చుట్టూ ఆ భాషలో మాట్లాడుకునే మనుషులు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం, తెలుగే మాట్లాడే ఊరై ఉండి, నేటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉన్నందున, తెలుగువారికి ఫ్రెంచి పాఠాలు కొత్తగా రాయదలచినవారు అక్కడి నుంచే మొదలుపెట్టడం సబబు. పరీక్షలో మౌఖిక భాగం పెట్టి, విద్యార్థి గదిలోకి వచ్చి పలకరించిన తీరుకూ సెలవు తీసుకున్న తీరుకూ మార్కులు కేటాయిస్తే, క్రియల పట్టికలకు దక్కుతున్న శ్రద్ధలో కొంతైనా ఇటు మళ్లుతుంది.