పుట్టింటి చేను - సోలారు కౌలు



"మన మెట్టచేను సోలారు కంపెనీవాళ్ళు కౌలుకడుగుతున్నారక్కా, నీ సంతకం కూడా కావాలట" అని పుట్టింటినుంచి కబురు రావడం ఈమధ్య మామూలయింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. ఒక్క మెగావాటుకే సుమారు 4, 5 ఎకరాలు కావాలి. వానకోసం ఎదురుచూసే చేలకు ఇప్పుడు ఎండే పంటయింది. సంతోషమే!

మరి మీ సంతకమెందుకు? కంపెనీ ప్లీడరు ముందుగా చూసేది భూమి ఎవరిదన్నది. ఈ.సి., పాసుపుస్తకం, అడంగలు చూస్తాడు. తండ్రి పోయాక వారసులెవరని విచారిస్తాడు. అక్కడ మీ పేరొస్తుంది. హిందూ కుటుంబాల్లో తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో మన రాష్ట్రం 1986 చట్టంతో ఇచ్చిన హక్కు అది అమల్లోకి వచ్చిననాటికి పెళ్ళికానివారికే. 2005 కేంద్రచట్టం పెళ్ళయినవారికీ ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంపకాలైపోయి ఉంటే మాత్రం వాటిని కదపడానికి లేదు.

ఇక మీ చేతికొచ్చినది ఏ కాగితమో చూడండి. కౌలు దస్తావేజయితే భూమి మీదే, అనుభవం వారిది. పవర్ ఆఫ్ అటార్నీ అయితే మీ తరఫున ఇంకొకరు సంతకం చేస్తారు. ఏయే పనులకో అందులో రాసి ఉంటుంది. హక్కు విడుదల దస్తావేజయితే మీ వాటా అంతటితో సరి! మూడూ స్టాంపు కాగితాలే, చూపుకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి.

కౌలు సాధారణంగా పాతికేళ్ళకు పైమాటే. ఏడాది దాటిన కౌలును రిజిస్టరు చేయించి తీరాలి. ఎకరానికి ఎంత, ఎన్నేళ్ళకోసారి ఎంత పెంచుతారు అన్నవి రాయించుకోండి. పాతికేళ్ళక్రితం బియ్యం ధరెంతో మనకు తెలియనిదా! కౌలు సంతకంనాటినుంచా, కరెంటు తీసిననాటినుంచా? కంపెనీ చేతులు మారితే బాధ్యత ఎవరిది? బ్యాంకులో తాకట్టు పెట్టేది తమ కౌలుహక్కునా, మీ భూమినా? గడువు తీరాక ఆ ఇనుప స్తంభాలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు పెకలించాలి? మీ వాటా సొమ్ము మీ ఖాతాలోనే పడుతుందా?

కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పించుకోండి. కంపెనీ ప్లీడరు కంపెనీ మనిషి. మీకు వేరే ప్లీడరుండాలి. నకలు మీ బీరువాలో ఉండాలి. ఇది అన్నదమ్ములమీద అనుమానంకాదు. రేపు మన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ కోర్టు మెట్లెక్కకుండా ఉండేందుకు. చదివి సంతకం చేసినంతమాత్రాన పుట్టిల్లు దూరమవదు. చదవకుండా చేసిన సంతకాలే చాలా ఇళ్ళలో రాకపోకలు మాన్పించాయి.