చెట్ల పేర్లు గోండిలో చెప్పండి

 

నాగోబా పూజకు మేస్రం వంశం వాళ్లు ఏటా కేస్లాపూర్ నుంచి జన్నారం వైపు హస్తినమడుగుకు వెళ్లి గంగాజలం తెస్తారు. బస్సులు లేక కాదు, అయినా రానూపోనూ కాలినడకే. చెప్పులుండవు.  ఎక్కడ బస, ఏ చెట్టు కింద వంట, అంతా నడిచిన కాళ్లకే గుర్తు. మన పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ చెప్పే వంశకథలూ అంతే, విన్న చెవుల్లోనే నిలిచాయి.

హాస్టల్లో దిగులుపడ్డ పిల్లల్ని మేము సాయంత్రం చెట్ల కిందికి తీసుకెళ్తాం. మీ ఊరి చెట్ల పేర్లు గోండిలో చెప్పమంటాం. (జ్వరమొస్తే, దిగులు ముదిరితే డాక్టరు దగ్గరికే, అందులో వాదన లేదు.) నాలుగు పేర్లు చెప్పేసరికి గొంతు మారుతుంది. నాకూ కొంత తెలుసన్న ధైర్యం వస్తుంది. క్లాసులో తలొంచుకు కూర్చునే పిల్లకు అది చిన్న ధైర్యం కాదు. కానీ ఏటికేడు పిల్లలు చెప్పే పేర్లు తగ్గుతున్నాయి. మా భయమంతా అదే. అవ్వలు ఉన్నారు, అడిగేవాళ్లు లేరు.

ఇప్పపూలు రాత్రి రాలతాయి, ఎండెక్కకముందే ఏరాలి. ఈ ఎండాకాలం అవ్వ వెంట చీకటితోనే బయల్దేరండి. ఫోన్ కూడా తీసుకెళ్లండి. ఆమె చెప్పే పేర్లు ఆమె గొంతుతోనే రికార్డు చేసి హాస్టలుకు తెండి.