విపత్తు తర్వాత విత్తనం

గౌరవనీయులైన ఆచార్యులు, పట్టాలు అందుకుంటున్న విద్యార్థులు, వారిని ఇంతదాకా నడిపించిన తల్లిదండ్రులు కొలువుదీరిన ఈ సభలో చర్చించదగిన విషయం ఒకటుంది: తుపాను, భూకంపం, కరవు వంటి విపత్తు విరుచుకుపడ్డాక చిన్న రైతుకు మళ్లీ విత్తనం ఎలా అందాలి? వ్యవసాయ పట్టభద్రులలో పలువురు ఉద్యోగ జీవితంలో ఏదో ఒక నాడు, అదును దాటిపోతున్న వేళ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుంది.

స్థానిక విత్తన వ్యవస్థ అంటే రైతు తన పంటలోంచి ఏరి దాచుకునే గింజ, ఇరుగుపొరుగుతో బదులుకు మార్చుకునే గింజ, నాగుకు, అంటే పంట వచ్చాక అదనంగా కొలిచి ఇచ్చే ఒప్పందంపై తెచ్చుకునే గింజ, సంతలో నమ్మకస్తుడైన వర్తకుని దగ్గర కొనే గింజ, వీటన్నిటి కలయిక. ఆఫ్రికాలోని ఐదు దేశాలలోనూ హైతీలోనూ 40 పంటలకు సంబంధించి సేకరించిన 9,660 నమోదులను విశ్లేషించి షాన్ మెక్‌గ్వైర్, లూయిస్ స్పెర్లింగ్ 2016లో ప్రచురించిన అధ్యయనం, చిన్న రైతుల విత్తనంలో సుమారు 90 శాతం ఇటువంటి మార్గాల నుంచే వస్తున్నదనీ, స్థానిక సంతల వాటాయే దాదాపు సగమనీ తేల్చింది. విపత్తు సహాయ ప్రణాళికలు ఈ సంతను తరచు లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం.

విత్తన భద్రతను పరిశోధకులు మూడు అంశాలుగా చూస్తారు: ఆ ప్రాంతంలో విత్తనం ఉన్నదా అన్నది లభ్యత; ఉన్నదాన్ని కొనే శక్తి రైతుకు ఉన్నదా అన్నది అందుబాటు; అది మొలకెత్తే గింజేనా, ఆ నేలకు సరిపోయే రకమేనా అన్నది నాణ్యత. ఏది దెబ్బతిన్నదో తెలుసుకోకుండా చేసే సాయం గురి తప్పుతుంది. 2010 జనవరి 12న హైతీలో సంభవించిన భూకంపం ప్రధానంగా నగరాలను కూల్చింది. రాజధాని విడిచిన లక్షల మంది పల్లెల్లోని బంధువుల ఇళ్లకు చేరగా, వారికి అన్నం పెట్టడంలో రైతుల చేతిలోని డబ్బు, కొందరి ఇళ్లలో విత్తనం కోసం దాచిన గింజలు కూడా కరిగిపోయాయి. ఆ ఏడాదే అక్కడ జరిగిన విత్తన భద్రతా పరిశీలనలో సంతల్లో విత్తనం ఉన్నదనీ, కొరవడినది కొనుగోలు శక్తి అనీ వెల్లడైంది. అటువంటి చోట బయటినుంచి తెచ్చిన విత్తనాన్ని ఉచితంగా పంచితే స్థానిక వర్తకుల బేరం దెబ్బతిని, మరుసటి ఏడు రైతుకు దిక్కయ్యే సంతే బలహీనపడే ప్రమాదం ఉంటుంది గనుక, నగదు గానీ, సంతలోనే చెల్లే కూపన్లు గానీ ఇవ్వడం మేలు.

బెంగాల్ తీరంలోని సుందరవనాలలో సమస్య వేరు. 2009 మే 25న వచ్చిన ఐలా తుపాను కట్టలు తెంచి ఉప్పునీటిని పొలాల్లోకి నెట్టినప్పుడు, అప్పటికి విస్తరించి ఉన్న అధిక దిగుబడి వరి రకాలు ఆ చవుడుకు నిలవలేదు. నిలవగల పాత రకాలు రైతుల ఇళ్లలో చాలామటుకు మాయమైపోయాయి. అక్కడ డబ్బు ఉన్నా కొనడానికి తగిన గింజ లేదు. పర్యావరణ శాస్త్రవేత్త దేబల్ దేబ్ 1997లో నెలకొల్పిన ‘వ్రీహి’ విత్తన బ్యాంకు సాగు చేస్తూ కాపాడుకున్న ఉప్పును తట్టుకునే రకాలు కొన్ని, కొద్ది పరిమాణంలోనే అయినా, కొందరు రైతులకు చేరాయి. ఆ సేకరణ తరువాత ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లాకు చేరింది. శీతల గిడ్డంగిలో భద్రపరచిన గింజ విలువైనదే. కానీ ఏటేటా పొలంలో సాగవుతున్న రకమే విపత్తు మరునాడు త్వరగా చేతికందుతుంది.

రాయలసీమ వేరుశనగలో చిక్కు మరో విధంగా ఉంటుంది. ఎకరానికి విత్తనం ఎక్కువ కావాలి, ఒక గింజకు వచ్చే ప్రతిఫలం తక్కువ, నిల్వలో మొలకశక్తి త్వరగా తగ్గుతుంది. అందుకే కరవులో అప్పు తీర్చడానికి కాయలన్నీ అమ్ముకున్న రైతు మరుసటి తొలకరికి రాయితీ విత్తనం కోసం బారులు తీరవలసి వస్తుంది. ఊళ్లోనే విత్తన నిల్వను నిలబెట్టే సంఘాలకు పెట్టుబడి సమకూర్చడం ఈ రాయితీకన్నా మన్నికైన పరిష్కారం.

కనుక నేడు పట్టా పుచ్చుకొని రేపు విపత్తు ప్రాంతానికి వెళ్లే ప్రతి అధికారీ, విత్తనాల ఇండెంటుపై సంతకం చేసే ముందు, దగ్గరి సంతకు వెళ్లి అక్కడ ఏ గింజ ఏ ధరకు అమ్ముతున్నారో చూడాలనీ, ఏ రకం కావాలో, దాన్ని ఎవరు దాచి ఉంచారో ఊరి రైతులను, ముఖ్యంగా ఇంట విత్తనం భద్రపరిచే స్త్రీలను అడిగి తెలుసుకోవాలనీ ఈ సభ కోరుతున్నది.